అందరూ పనే పంపారు

కొట్టు,
సోమవారం మధ్యాహ్నం

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఎలా ఉన్నావని అడిగావు. బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, పొద్దున్నే లేచి కొట్టు తలుపులు తీస్తున్నాను. మీ అన్నయ్య పోయాక ఈ మూడు పనులూ వాటంతట అవే జరిగిపోతున్నాయి. నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. ఏడుపు మాత్రం రావడం లేదు. పక్క కొట్టులో చొక్కాలకి కాజాలు కుట్టే పిన్ని రోజుకోసారి వచ్చి నా మొహంలోకి చూస్తుంది. "ఒకసారి ఏడ్చెయ్యవే, బరువు దిగుతుంది" అంటుంది. రావడం లేదు పిన్నీ అంటే నమ్మదు. నేనేదో గుండెలు తీసిన బంటునన్నట్టు చూసి, గుండీల డబ్బా పట్టుకుని వెళ్ళిపోతుంది.

పని ఎలా ఉందన్నావు. పనికేం, ముంచెత్తుతోంది. మన వీధిలో ఆ రోజుకి సరిపడా పని వచ్చినవాళ్ళు గడపలో స్టూలు అడ్డం వేసుకుని, తరువాత వచ్చినవాళ్ళని పక్క కొట్టుకి పంపడం నీకు తెలియనిది కాదు. మీ నాన్న పెట్టిన అలవాటే కదా. ఇప్పుడేమైందంటే, నేను పొద్దున తలుపు తీసేసరికే వీధికి రెండు వైపులా స్టూళ్ళు వేసి ఉంటున్నాయి. అప్పటికి ఎవరూ సూదిలో దారమైనా ఎక్కించి ఉండరు. వాళ్ళకి ఆ రోజుకి సరిపోయిందట. వచ్చినవాళ్ళందరికీ నా గుమ్మం చూపిస్తున్నారు. ఎదురు కొట్టు కళ్ళజోడు మామయ్య అయితే ఒక కోటు కుట్టించుకునే పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి మరీ తెచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. ఆయనకి పాతికేళ్ళుగా కోట్లు కుడుతున్నది మామయ్యే.

పాంట్లు, కోట్లు, కిటికీ తెరలు, స్కూలు పిల్లల చొక్కాలు. అన్నీ మూటలు కట్టి పేర్లు రాసి పెడుతున్నాను. బల్ల నిండిపోయింది. మీ అన్నయ్య కూర్చునే కుర్చీ నిండిపోయింది. ఇప్పుడు మెట్ల మీద పెడుతున్నాను. అందరూ మంచివాళ్ళు. వాళ్ళ మంచితనానికి కొట్టులో చోటు చాలడం లేదు, అంతే.

నువ్వు వేళకి తిను.

మీ వదిన


ఫ్యాక్టరీ హాస్టలు,
ఆదివారం

వదినా,

మెట్ల మీద కూడా మూటలున్నాయంటే నాకెంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. నువ్వు పని లేక ఊరికే కూర్చుని గోడలకేసి చూస్తూ ఉంటావేమోనని భయపడ్డాను. చేతిలో పని ఉంటే మనిషి నిలబడుతుంది. నేను నిలబడటం లేదా. ఆ రోజు వచ్చి మర్నాడే వెళ్ళిపోయానని నీ మనసులో ఏమైనా ఉందేమో తెలియదు. బస్సు దిగి నేరుగా ఫ్యాక్టరీలో మా కుట్టు లైన్లోకే వెళ్ళాను. చెప్పులైనా మార్చుకోలేదు.

ఇక్కడ సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నా కింద ఒక లైను ఉంది. కాలర్లు కుట్టేవాళ్ళు కాలర్లే, చేతులు అతికేవాళ్ళు చేతులే. ఎదురుగా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. ఎన్ని చొక్కాలయ్యాయో దాని మీద అంకె మారుతూ ఉంటుంది. నెలనెలా ఆ అంకె పెంచుతారు. అందరూ ఆ బోర్డుని తిట్టుకుంటారు. నాకు మాత్రం అది ఎదురుగా ఉంటేనే బాగుంటుంది. దాన్నే చూస్తూ ఉంటే సాయంత్రం అయిపోతుంది. తరువాత స్నానం, భోజనం, నిద్ర. మధ్యలో ఇంకేమీ పట్టదు. అది మంచిదే.

ఇప్పుడు అసలు మాట. ఇంత పని వస్తున్నప్పుడు ఒక్క గదిలో ఒక్కదానివే ఎన్నాళ్ళు? పక్కనున్న గోదాము ఖాళీగానే ఉంది కదా, తీసుకో. మా కంపెనీవాళ్ళు బయట కుట్టించడానికి చోట్లు వెతుకుతున్నారు. మీ వీధి గురించి చెప్పాను. ఒకాయన వచ్చి నిన్ను కలుస్తాడు. నేను పంపినవాడే కాబట్టి మొహమాటపడకుండా మాట్లాడు. ఎదగాల్సిన సమయంలో ఎదగాలి వదినా. నాన్న ఆ పని చెయ్యలేదు.

చిట్టి


కొట్టు,
గురువారం

చిట్టీ,

నువ్వు పంపినాయన వచ్చాడు. మెడకి టై, చేతిలో సంచీ, మర్యాదగల మనిషి. చెప్పులు బయట విడిచి వచ్చాడు. మూటల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుని నిలబడి, "ఈ వీధిలో పెరుగుతున్నది మీ కొట్టు ఒక్కటేనండీ. మిగతావాళ్ళు పాపం పొద్దున్నే స్టూళ్ళు అడ్డం పెట్టేసుకుని కూర్చుంటున్నారు" అన్నాడు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. అవునండీ అన్నాను.

ఆయన చెప్పింది ఇది. కంపెనీ బట్ట పంపుతుంది. నేను తీసుకుని వీధిలో వాళ్ళకి పంచాలి. వాళ్ళు కుట్టినవి నేను చూసి, బాగున్నవి ఉంచి, బాగాలేనివి వెనక్కి ఇవ్వాలి. వాళ్ళకి కూలి నా చేతి మీదుగా వెళుతుంది. గోదాములో వరసగా మిషన్లు వేస్తారట. అందరూ అక్కడికే వచ్చి కుడితే విడివిడి కొట్లు అక్కర్లేదట. కాగితాలూ సంతకాలూ తరువాత, ముందు నేను మాట ఇస్తే చాలన్నాడు. నెలాఖరుకి మళ్ళీ వస్తాడు. నేను సరేనని తల ఊపి ఉంటాను, ఎందుకంటే వెళుతూ వెళుతూ చాలా సంతోషంగా వెళ్ళాడు.

నాకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఎవరైనా వచ్చి ఈ కొట్టు తగలబెడతామన్నా, మెట్ల మీద జాగ్రత్త అని దారి ఇస్తానేమో. ఇలా రాస్తే నువ్వు కంగారు పడతావని తెలుసు. కానీ అబద్ధం రాయడానికి కూడా ఓపిక కావాలి.

ఇంకో మాట. ఇది వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆ మూటల్లో కుట్టినది ఒక్కటీ లేదు. ఎలా వచ్చినవి అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళూ కత్తిరించింది మీ అన్నయ్య, కుట్టింది నేను. మిషను మీద నా చేతికి తిరుగు లేదు. కత్తెర మాత్రం ఏనాడూ పట్టలేదు. నేర్పుతానని ఆయనా అనలేదు, నేర్పమని నేనూ అడగలేదు. ఎందుకు అడుగుతాను, ఆయన ఎక్కడికి పోతాడని.

మొన్న ధైర్యం చేసి ఒక పాంటు గుడ్డ పరిచాను. ఆయన గీసినట్టే సుద్దతో గీసి కత్తిరించాను. ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఎడమ కాళ్ళే. మంచి గుడ్డ. అది ఇచ్చినాయన పోస్టాఫీసులో పనిచేస్తాడు. ఆ ముక్కలు మడిచి మిషను సొరుగులో పెట్టాను. ఇంకో గుడ్డ ముట్టుకోలేదు. ఎవరైనా వచ్చి అడిగితే వచ్చే వారం అంటున్నాను. "పరవాలేదమ్మా, నెమ్మదిగానే కానీ" అని వెళ్ళిపోతున్నారు. ఒక్కరైనా తిడితే బాగుండును. ఈ వీధిలో ఆ సాయం ఎవరూ చెయ్యడం లేదు.

వదిన


ఫ్యాక్టరీ హాస్టలు,
ఆదివారం

వదినా,

గుడ్డ మంచి వైపు మంచి వైపుకి చేర్చి మడత పెట్టాలి. మడత మీద గీసి రెండు పొరలూ ఒకేసారి కత్తిరిస్తే ఒకటి ఎడమ, ఒకటి కుడి వాటంతట అవే వస్తాయి. నువ్వు ఒంటి పొర మీద ఒకే ముక్క రెండుసార్లు కత్తిరించావు. నాన్న దగ్గర నేర్చుకున్నప్పుడు నేనూ అదే చేశాను. నా నెత్తిన ఒక్క మొట్టికాయ పడింది. తరువాత ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడ మనిషి కత్తిరించడం లేదులే. బట్ట పొరలు పొరలుగా పేర్చి పెడితే మిషను కోసేస్తుంది. నేను కత్తెర పట్టి ఎన్నేళ్ళయిందో.

అందుకే చెబుతున్నాను, సరే అనెయ్యి. కంపెనీ పంపేది కత్తిరించిన బట్టే. నీకు కత్తెరతో పని ఉండదు. నువ్వు కుట్టనక్కర్లేదు కూడా, చూసుకుంటే చాలు. వీధిలో వాళ్ళకీ లోటు రాదు. నీకు కోపం వచ్చినా సరే, ఒక మాట అంటాను. నాన్న పెట్టిన ఆ స్టూలు అలవాటు ఆయనతోనే పోవాల్సింది. నాకు చాలు, పక్కవాడి దగ్గరికి వెళ్ళండి అని ఎవరికి వాళ్ళు అంటూ ఉంటే ఆ వీధి ఎప్పటికి బాగుపడుతుంది? అక్కడ ఎవరూ చెడిపోలేదు, నిజమే. ఎవరూ పైకీ రాలేదు. అందరివీ అవే గదులు, అవే మిషన్లు. ఎవరో ఒకరికి కొత్త ఇస్త్రీ పెట్టె వస్తే పెద్ద పండగలా వీధంతా వచ్చి చూసిపోతుంది.

నువ్వు ఆ గదిలో ఒంటరిగా మూటలకి కాపలా కూర్చున్నావని తెలిశాక నాకు లైన్లో ధ్యాస నిలవడం లేదు. ఈ వారం మా అంకె తగ్గింది. పిలిచి అడిగారు. తలనొప్పి అన్నాను. నా కోసమైనా సరే అను. నీకు ఏ లోటూ లేదని తెలిస్తే నా పని నేను చేసుకుంటాను.

చిట్టి


కొట్టు,
శనివారం

చిట్టీ,

తాపీగా చదువు. ఇది పెద్ద ఉత్తరం.

నువ్వు చెప్పినట్టే సరే అందామనుకున్నాను. వద్దనడానికి కారణాలు వెతకాలి, సరే అనడానికి తల ఊపితే చాలు. కానీ టై ఆయన వచ్చేలోగా వీధిలో వాళ్ళతో ఒక మాట చెప్పడం మర్యాద అనిపించింది. బుధవారం పొద్దున ముందు కళ్ళజోడు మామయ్య దగ్గరికి వెళ్ళాను. విషయం చెప్పాను. కంపెనీ బట్ట వస్తుంది, నేను పంచుతాను, అందరూ గోదాములో కుట్టాలి, కొట్లు అక్కర్లేదు అన్నాను. ఎవరిదో కబురు చేరవేసినట్టే చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను గొడవ పడతాడనుకున్నాను. మీ నాన్నతో కలిసి ఈ వీధిలో మొదటి మిషను దింపినవాడు కదా. ఆయన ఏమన్నాడో తెలుసా? "నీకు మేలు జరుగుతుందంటే సరేనమ్మా. ఎప్పటినుంచి రమ్మంటావు?"

ఎప్పటినుంచి రమ్మంటావు, అన్నాడు చిట్టీ. నన్ను. కూలికి రావడానికి.

అక్కడినుంచి కాజాల పిన్ని దగ్గరికి వెళ్ళాను. "కాజాలు ఎవరివైతేనేం, సూదికి తెలుస్తుందా" అంది. చివరి కొట్టు ఆయన, ఎవరితోనూ పొసగనివాడు, ఆయన కూడా, "బల్ల అమ్మేయనా, గోదాములో మీరే ఇస్తారా?" అని అడిగాడు. ఒక్కరూ కాదనలేదు. ఒక్కరూ మొహం ముడుచుకోలేదు. నేను వెనక్కి వస్తుంటే మామయ్య నిచ్చెన వేసుకుని తన కొట్టు బోర్డు మేకులు వదులు చేస్తున్నాడు. ఆ వయసులో, నిచ్చెన మీద.

అప్పుడు నాకు ఏమైందో నాకే తెలియదు. రోడ్డు మధ్యలో నిలబడి అరిచాను. ఎప్పుడైనా నేను గొంతు పెంచగా విన్నావా? మీ అన్నయ్య నన్ను మూగదానా అని ఏడిపించేవాడు. "దిగండి మామయ్యా" అని అరిచాను. "నా మొగుడు పోయాడని మీ కొట్లు మూసుకుంటారా? నేను అడిగితే ప్రాణాలు కూడా ఇచ్చేస్తారా? ఒక్కరికైనా నన్ను కాదనాలని లేదా?" అన్నాను. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మామయ్య నిచ్చెన మీదే ఉండిపోయాడు.

ఇంక నోరు ఆగలేదు. మూటలన్నీ అలాగే ఉన్నాయని చెప్పేశాను. సొరుగులోంచి ఆ పాంటు ముక్కలు తెచ్చి అందరి ముందూ ఎత్తి చూపించాను. రెండూ ఎడమ కాళ్ళే, చూడండి అన్నాను. ఎవరూ నవ్వలేదు. పిన్ని ఆ ముక్కలు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "సుద్ద గీత మాత్రం వాడి గీతలాగే ఉందే" అంది.

మామయ్య దిగి వచ్చాడు. "మా ఆవిడ పోయినప్పుడు నీ మొగుడు నాకు వీధిలో పనంతా పంపాడమ్మా" అన్నాడు. "కుడుతూ ఉంటే రోజులు గడిచిపోయాయి. నాకు అది పనికొచ్చింది. నీకూ పనికొస్తుందనుకున్నాను. ఇంకేం ఇవ్వాలో మాకు తెలియలేదు" అన్నాడు. నాకు ఆయన మీద కోపమూ పోలేదు, జాలీ ఆగలేదు.

"నాకు పని వద్దు" అన్నాను. "ఊరికే వచ్చి కూర్చోండి" అన్నాను.

వచ్చారు. మూటలు మెట్ల మీదనుంచి దించి వాటి మీదే కూర్చున్నారు. ఆ రోజు వీధిలో ఒక్క మిషను తిరగలేదు. గుడ్డ తెచ్చిన వాళ్ళని రేపు రమ్మన్నారు. చేతుల్లో పని లేకపోతే వీళ్ళకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. తరువాత చివరి కొట్టు ఆయన, మీ అన్నయ్య నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని పాటలు పాడేవాడని గుర్తు చేశాడు. ఆ పాటలు ఎంత అపశ్రుతిగా ఉండేవో చెప్పడం మొదలుపెట్టాడు. పిన్ని అందుకుంది. ఒకసారి పెళ్ళికొడుకు కోటుకి లోపలి జేబు బయట వేసి, అది కొత్త ఫ్యాషనని ఒప్పించి పంపాడట. నాకు తెలియని సంగతులు కూడా ఉన్నాయి. వింటూ వింటూ ఉంటే ఏడుపు వచ్చేసింది. పిన్ని బరువు దిగుతుంది అందే, దిగలేదు. ఇప్పుడే ఎక్కింది. ఇన్నాళ్ళూ నా మీద ఏ బరువూ లేదు. చాలా నొప్పిగా ఉంది చిట్టీ. కానీ అది నాదే.

మర్నాడు మూటలు ఎవరి కొట్టుకి వాళ్ళు మోసుకుపోయారు. వాళ్ళు కత్తిరించి ఇస్తారు, నాకు చేతనైనన్ని నేను కుడతాను. మామయ్య రోజూ ఒక గంట పాత పేపర్ల మీద నాకు కత్తిరించడం నేర్పుతున్నాడు. మొట్టికాయ వెయ్యడానికి మొహమాటపడుతున్నాడు. వెయ్యమన్నాను. పోస్టాఫీసు ఆయనకి గుడ్డ కొనిస్తానంటే, ఎలాగూ తను ఒళ్ళు చేశానని, కొత్త కొలతలు తీసుకోమన్నాడు.

టై ఆయన నిన్న వచ్చాడు. మర్యాదగానే చెప్పాను. ఈ వీధిలో పెద్ద కొట్టు పెడితే మిగతావాళ్ళు చిన్నవాళ్ళవుతారండీ, నాకు వాళ్ళు నా ఎత్తునే కావాలి అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో కానీ, తన పాంటు అంచు ఊడితే కుట్టించుకుని వెళ్ళాడు. నీ ఉద్యోగానికి దీనివల్ల ఇబ్బంది వస్తుందేమో అదొక్కటే బెంగ.

నువ్వు కూడా నాకు పనే పంపావు. నీ తప్పేం లేదు, నువ్వూ ఈ వీధి పిల్లవే. కానీ నేను ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారైనా నిన్ను అడగలేదు. నువ్వెలా ఉన్నావు?

వదిన


ఫ్యాక్టరీ,
మంగళవారం, భోజనాల వేళ

వదినా,

నీ ఉత్తరం నిన్న లైన్లోనే చదివాను. చదవకూడదు, చదివాను. గుండుసూదులు నోట్లో పెట్టుకుని పాడేవాడన్న చోటికి వచ్చేసరికి బోర్డు మీద అంకె కనిపించడం మానేసింది. కళ్ళ నీళ్ళు. నా ఎదురు మిషను ఆవిడ చూసింది. ఏమైందని అడగలేదు. నేను సరిచూడాల్సిన చొక్కాలన్నీ గబగబా తనవైపు లాక్కుని తనే చూసేసింది. పక్కావిడ ఇంకొన్ని తీసుకుంది. సాయంత్రానికి అంకె ఒక్కటీ తగ్గలేదు. వాళ్ళూ పాపం ఇంకేం ఇస్తారు, వాళ్ళ దగ్గర ఉన్నది అదే.

ఉద్యోగం సంగతి నువ్వు ఆలోచించకు. సెలవు అడిగితే ఈ నెల కుదరదన్నారు. అయినా శుక్రవారం బస్సుకి వస్తున్నాను. ఎన్నాళ్ళుంటానో తెలియదు. ఎందుకొస్తోందని వీధిలో ఎవరైనా అడిగితే పనిలోకి వస్తోందని చెప్పకు.

ఎలా ఉన్నావని అడిగావు. ఆ రోజునుంచి ఈ మాట నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. నీకు రాసిన ఉత్తరాల్లో కూడా లేదు, కావాలంటే తీసి చూడు.

అన్నయ్య చచ్చిపోయాడు వదినా.

చిట్టి